బెల్లంలో షుగర్ ఉండదట!

రఘునాథపల్లిలో ఒక ఆఫీసు. పేరెందుకు, ఏ ఆఫీసైనా ఇంతే. కాజీపేట వైపు నుంచి రైలు దిగినవాళ్లు, జనగామ వైపు నుంచి బస్సు దిగినవాళ్లు రిజిస్టర్‌లో సంతకం పెట్టకముందే టేబుల్ మీద స్టీలు డబ్బా మూత లేస్తుంది. లోపల పల్లిపట్టీలు. "తీసుకోండి సార్, ఇంట్ల చేసినవే. అచ్చం బెల్లం. షుగర్ ఉన్నోళ్లు గూడ తినొచ్చు!"

ఈ చివరి మాట అనడానికి వైద్య పట్టా అక్కర్లేదు, డబ్బా ఉంటే చాలు. దుకాణంలో కొన్న మైసూర్‌పాక్ విషం, ఇంట్లో బాండీలో పుట్టిన పట్టీ అమృతం. ఎందుకంటే, ఇంట్లోది కదా! ఇంటి గడప దాటేసరికి చక్కెరకు గుణం మారిపోతుంది కాబోలు.

పట్టీ చేయడం తేలికేమీ కాదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. పల్లీలు దోరగా వేయించి, పొట్టు చెరిగి, బద్దలు చేయాలి. బెల్లం కరిగించి వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టి, నీళ్ల గిన్నెలో ఒక చుక్క వేసి చూడాలి. గట్టిపడిన ఆ చుక్కను పళ్లెం మీద కొడితే ఠంగుమనాలి. లేత పాకమైతే పట్టీ పళ్లకు అంటుకుంటుంది, మాడితే చేదు. నెయ్యి రాసిన పళ్లెంలో పోసి, వేడి మీదే కత్తితో గాట్లు పెట్టాలి. ఇదంతా తెల్లవారుజామున చేసినామె ఇంట్లోనే ఉంటుంది. ఆఫీసులో మెప్పు పొందే సారుకు పాకం అంటే వంకాయ పులుసో కాదో తెలియదు.

సరే, లెక్కకు వద్దాం. పల్లీలకు సమానంగా బెల్లం పోసే ఇళ్లే ఎక్కువ. 40 గ్రాముల ముక్కలో 20 గ్రాములు బెల్లమే. బెల్లంలో ముప్పాతిక పైచిలుకు చక్కెరే, కాస్త ఇనుము, ఖనిజాలు కలిసిన చక్కెర. రోజుకు 25 గ్రాముల లోపు, అంటే దాదాపు 6 చెంచాలతో ఆపుకుంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. రెండు ముక్కలతో ఆ కోటా దాటిపోతుంది. ఆ పైన టీ తాగుతూ "నాకు చక్కెర వద్దమ్మా" అనే త్యాగం ఒకటి!

బెల్లంలో షుగర్ లేదంటే, మా ఎక్సైజు వాళ్లు పాపం ఇన్నేళ్లుగా దేని కోసం నల్లబెల్లం లారీలను ఆపుతున్నట్టు? పులిసి గుడుంబాగా మారేది ఆ చక్కెరే కదా. బట్టీ పెట్టేవాడికి తెలిసిన రసాయన శాస్త్రం ఆఫీసులో పీజీ చేసినాయనకు అందలేదు. మేడారంలో బెల్లాన్ని బంగారం అంటాం, నిలువెత్తు తూకం వేసి అమ్మవార్లకు మొక్కు చెల్లిస్తాం. అంత భక్తిలోనూ దాన్ని షుగర్ మందని ఎవరూ అనలేదు.

దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనేనని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. ఆఫీసుల్లో నూనె, చక్కెరల బోర్డులు పెట్టుకొమ్మని 2025లో కేంద్ర ఆరోగ్య శాఖ చెబితే, సమోసా జిలేబీల మీద పగబట్టారని దేశమంతా గోల చేశాం. బోర్డు పెడితే కోపం, డబ్బా పెడితే మురిపెం. మూలన కూర్చున్న పెద్దాయన పొద్దున మాత్ర వేసుకొని వచ్చాడని తెలిసీ, "ఒక్కటే సార్, మా ఇంటామె బాధపడుతది" అని చేతిలో పెడతారు. ఇంటామెకు ఆయనెవరో కూడా తెలియదు!

పట్టీలు మానమని ఎవరన్నారు? తెండి. నాకు రెండు ఎక్కువే పెట్టండి. కానీ డబ్బా మూత తీసేటప్పుడు "ఇది తీపి" అని మాత్రం చెప్పండి. వద్దన్న మనిషిని రెండోసారి అడగకండి. మరీ ప్రేమ ఉంటే ఆయన కోసం పాకంలో కలపకముందే గుప్పెడు వేయించిన పల్లీలు పక్కన తీసి పెట్టమని ఇంట్లో చెప్పండి.