పగలు టార్కు రెంచి, రాత్రి గుండుసూది

శ్రీ సిటీని చూస్తే ఎవరికైనా బోల్టు మీద గౌరవం పెరుగుతుంది. సత్యవేడు, వరదయ్యపాళెం పల్లెల మధ్య 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరంలో, ఆల్‌స్టామ్ కర్మాగారం చేసి పంపిన 22 రైళ్లు 2019 నుంచి సిడ్నీ మెట్రోలో తిరుగుతున్నాయి. ఇసుజు బళ్లు 2016 నుంచి ఇక్కడ తయారవుతున్నాయి. రైలుకైనా బండికైనా ఇలాంటి పనిలో కీలకమైన బోల్టును చేతికి తోచినంత బిగించరు. ఎంత బిగించాలో కాగితం మీద అంకె ఉంటుంది. ఆ అంకె దగ్గర ఆగమని చెప్పే టార్కు రెంచి ఉంటుంది. ఆ రెంచి నిజం చెబుతోందో లేదో గడువు ప్రకారం పరీక్షించే మనిషి ఉంటాడు. ఇంత క్రమశిక్షణ మరిగిన కాలంలోనే ఒక కొత్త వేదాంతం కూడా బలపడింది: లక్షలు పోసి కొన్న వాచీ చైను వదులైతే లింకులు మనమే ఇంట్లో కూర్చుని తీసేసుకోవాలి, దుకాణానికి పోయేవాడు చేతకానివాడు.

ఈ వేదాంతానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. నాలుగైదు వందల ఆన్‌లైన్ కిట్టు, ఒక వీడియో, టీపాయి మీద తువ్వాలు, ‘ఇందులో ఏముంది’ అనే ధైర్యం చాలు. ఇందులో ఏముందో చూద్దాం. రోలెక్స్ ఆయిస్టర్ లాంటి చైన్లలో తీయదగిన లింకులను పట్టి ఉంచేవి సన్నని గాడి ఉన్న స్క్రూలు. వాటి మరలకు జిగురు పూసి ఉంటుంది. వేడి తగిలితే అది పట్టు వదులుతుంది. పని తెలిసినవాడు ముందు కాస్త వేడి చూపిస్తాడు, తర్వాత గాడి వెడల్పుకూ మందానికీ సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవరు తీస్తాడు. చాలా మోడళ్లకు అది 1.6 మిల్లీమీటర్లది. చవక కిట్టులోని మొన చీలలా చివరికి పలచబడుతుంది కనుక బలం పెట్టేకొద్దీ గాడిలోంచి పైకి ఎగదన్నుతుంది. ఎగదన్నినది గాల్లో ఆగదు, పక్క లింకు మెరుగు మీద సంతకం పెట్టి మరీ పోతుంది. 18 క్యారెట్ల బంగారు చైనైతే ఇంకా శుభం: మెత్తని లోహం కాబట్టి స్క్రూ తలే అరిగి, విప్పడానికీ బిగించడానికీ పట్టు లేకుండా పోతుంది. తిరిగి బిగించేటప్పుడు జిగురు పెట్టాలన్న మాట వీడియో చివర్లో వస్తుంది. అప్పటికి మన వీరుడు వాచీ కట్టుకుని ఫొటో తీసుకుంటూ ఉంటాడు.

స్క్రూలు లేనిచోట పిన్నులుంటాయి. ఎటు తోయాలో చైను లోపలి వైపు బాణం గుర్తు ఉంటుంది. అది చూడకుండా ఎదురు తోసి, కదలకపోతే గుండుసూది, గుండుసూది వంగితే సుత్తి. సీకో వాచీల్లో చాలావాటికి లింకు లోపల ఆవగింజంత గొట్టం ఉంటుంది. పిన్నును నిలబెట్టేది అదే. పిన్ను రాగానే అది చప్పుడు లేకుండా జారిపోయి మర్నాడు చీపురుకు చిక్కుతుంది. అది లేకపోయినా చైను చక్కగానే కనిపిస్తుంది, తడ దగ్గర హైవే మీద బైకు వేగం అందుకునే దాకా. పోనీ పని సాఫీగా జరిగిందనుకుందాం. లింకులన్నీ ఒక పక్కనే తీస్తే కొక్కెం మణికట్టు నడుమకు రాదు. రాత్రి ఏసీ గదిలో సరిపోయిన చైను మే నెల మధ్యాహ్నం చేయి ఉబ్బేసరికి సంకెల అవుతుంది. అసలు తమాషా ఏమిటంటే, చాలామందికి కావలసిన తేడా రెండు మూడు మిల్లీమీటర్లే. దానికోసమే ఎన్నో వాచీల కొక్కెంలో సర్దుబాటు పెట్టి ఇస్తారు. రోలెక్స్ ఈజీలింక్‌ను చేత్తో విప్పితే 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మడిస్తే అంతే తగ్గుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని సామెత. మనవాళ్లు గోరు వైపు చూడకుండానే గొడ్డలి ఆర్డరు పెడతారు.

‘నా వాచీ, నా ఇష్టం’ అనేది మొదటి వాదన. ఒప్పుకోవలసిందే, గీతలు కూడా మీవే. రిపేరు హక్కు పేరు చెప్పేవారు ఇంకొందరు. మంచి హక్కే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో దానిమీద కమిటీ కూడా వేసింది. కానీ ఆ హక్కు కోరేది విడిభాగాలు, సమాచారం కంపెనీ గుప్పిట్లోంచి బయటికి రావాలని, నచ్చిన మెకానిక్ దగ్గరికి పోయే స్వేచ్ఛ మనకుండాలని. ఆ మెకానిక్‌నే ఎగ్గొట్టడానికి అతని పేరున సంపాదించిన హక్కును వాడుకోవడం గడుసుతనమే. దుకాణంలోనూ గీతలు పడతాయంటారు. పడతాయి, అక్కడ అడగడానికి ఒక మనిషుంటాడు, ఇక్కడ అద్దం మాత్రమే ఉంటుంది. కొన్ని చైన్లు ఇంట్లో తీసుకోవడానికే పుట్టాయన్నది నిజం. కార్టియే 2018లో తెచ్చిన సాంతోస్‌లో మీట నొక్కితే పిన్ను బయటికి వస్తుంది, పనిముట్టే అక్కర్లేదు. అలా చేసివ్వనివాటితో కుస్తీ పట్టడం గురించే ఈ గొడవంతా.

ఇక అన్నిటికన్నా బలమైన వాదన: ‘మేం ఇంజనీర్లం, రైళ్లే చేశాం, లింకు ఎంత?’ రైలు చేసింది నిజమే. డ్రాయింగు చేతిలో ఉండగా, సరైన పనిముట్టుతో, పైన తనిఖీ చేసేవాడు ఉండగా చేశారు. ఆ మూడూ లేకుండా ఒక బోల్టు తిప్పితే షిఫ్టు ముగిసేలోగా సంజాయిషీ రాయాల్సి వచ్చేది. నైపుణ్యం ఆ పద్ధతిలో ఉంది. గేటు దాటాక పట్టాతో పాటు ఇంటికి రాదు. అంత సరదాగా ఉంటే చవక స్టీలు వాచీల మీద చేయి తిప్పుకోండి, సరైన స్క్రూడ్రైవరూ జిగురూ కొనండి, బాణం చదవండి. అప్పుడు ఎవరూ నవ్వరు. ఆ ఓపిక లేకపోతే వాచీ దుకాణాలున్నాయి. కొన్నచోటైతే లింకులు తీసివ్వడం సాధారణంగా బేరంలో భాగమే. లక్షల ధర ఎందుకని అడిగితే ఇదే పెద్దమనిషి స్విట్జర్లాండు పనివాళ్ల చేతిపని గురించి అరగంట చెబుతాడు. అదే చేతిపనికి మన బజారులో కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చున్నవాడు కాస్త కూలి అడిగితే మాత్రం, అందులో ఏముందని సుత్తి వెతుక్కుంటాడు.