బోల్టు పద్యానికి చోడవరం వ్యాఖ్య

మూలం

బోల్టు కదలకున్న బుజ్జగించుము ముందు
సుత్తి పట్టవద్దు, చూడు మొదట
మట్టి గలదొ, నూనె మడ్డిగా మారెనో
కారణంబు తెలియ కదలు తానె

అవతారిక

ఈ ఆటవెలది కర్త మా వీధి చివరి ఆర్మరర్ మావయ్య. ఆర్మ్‌డ్ రిజర్వులో త్రీ నాట్ త్రీ రైఫిళ్లకు వైద్యం చేసి చేసి రిటైరైన మనిషి. పేరు వెయ్యవద్దన్నాడు, కవుల్లో ఇంత వినయం అరుదు. కాలం 2019 దసరా ముందు రోజులు. స్థలం చోడవరంలో మా బాబాయి ఇంటి అరుగు. అప్పటికి ఊరు విశాఖ జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాకు కదిలింది. ఆవేళ బాబాయి రైఫిలు బోల్టు మాత్రం అంగుళం కదల్లేదు.

ఆ ఏడాది ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులన్నీ డిపాజిట్ చేయమన్నారు. ఇచ్చేముందు బాబాయి రైఫిలుకు నూనె పట్టించి పంపారు. తిరిగొచ్చాక బీరువాలో పెట్టేశారు. ఆయుధపూజకు బయటికి తీసి, కుంకుమ బొట్టు పెట్టి, బోల్టు పిడి ఎత్తబోతే అది లేవలేదు. బాబాయి భాషాప్రవీణ చదివిన తెలుగు పండితుడు. ఈ సంగతి ముందు ముందు అవసరపడుతుంది.

ప్రతిపదార్థం

బోల్టు = నట్టు జంట అని ట్రాక్టరు మెకానిక్కులు. తలుపు గడియ అని వడ్రంగులు. వడ్రంగులదే దగ్గరి అర్థం. గొట్టం వెనక తలుపు మూసి గడియ పెట్టే ఉక్కు కడ్డీ ఇది. పిడి ఎత్తితే గడియ తీసినట్టు, వెనక్కి లాగితే తలుపు తెరిచినట్టు. ముందుకు తోసి పిడి దించితే కడ్డీ మొదట ఉన్న రెండు చెవులూ తిరిగి గూళ్లలో కూర్చుంటాయి. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే తాపంతా ఆ చెవులే కాస్తాయి.

మరి 'గడియ కదలకున్న' అని అచ్చ తెలుగులో అనవచ్చు కదా అని బాబాయి ఆక్షేపణ. గణం సరిపోతుంది, యతి చెడుతుంది. గకు బు పొసగదు, బోకు బు పొసగుతుంది. మన ఛందస్సే ఇక్కడ ఇంగ్లీషు మాటను కాపాడింది. అయినా గడియ పూర్తిగా పోలేదు. గడియ అంటే 24 నిమిషాలు కూడాను. బిగిసిన బోల్టుకు కనీసం ఒక గడియ ఓపిక పట్టాలని ధ్వని.

రైఫిలు ఏది? మూలంలో లేదు, సందర్భాన్ని బట్టి తెచ్చుకోవాలి. మా తాతగారి వేట రోజుల కస్టమ్ రైఫిలు. కస్టమ్‌ను కష్టం అని పలకడం మా ఊరి పాఠాంతరం, అర్థం చెడదు. యాక్షన్, అంటే బోల్టు ఆడే ఉక్కు చట్రం, మౌజర్ తరహాది, గొట్టం వేరే చోటిది, కర్ర చోడవరం వడ్రంగి చెక్కిన టేకు. లండన్ రిగ్బీ కంపెనీ మౌజర్ యాక్షన్ మీద కట్టిన .275 రైఫిలు జిమ్ కార్బెట్‌కు 1907లో, చంపావత్ పులిని చంపినందుకు, బహుమానంగా దక్కింది. మాదీ ఆ వంశమే, ఆ వైభవం మాత్రం లేదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఏడాదికోసారి బొట్టు పెట్టించుకోవడమే దాని ఉద్యోగం.

కదలకున్న = ఎప్పుడు కదలకున్న? ఎత్తేటప్పుడా, లాగేటప్పుడా, తోసేటప్పుడా, దించేటప్పుడా? ఇది తేల్చకుండా వైద్యం మొదలెట్టేవాడు నాడి చూడని వైద్యుడు. ఇక్కడ ఒక శంక. త్రీ నాట్ త్రీలో తూటాను పేల్చే స్ప్రింగు, బోల్టును ముందుకు తోసేటప్పుడు ఎక్కుతుంది, 1898 మౌజర్‌లో పిడి ఎత్తేటప్పుడు ఎక్కుతుంది. త్రీ నాట్ త్రీ అలవాటైన చేతికి మౌజర్ పిడి బరువుగా తోచడం సహజం, అది రోగం కాదు. కాని బాబాయి రైఫిలుది ఆ బరువు కాదు. పిడి లేవడానికి మూలిగింది, ఎలాగో లేపి మళ్లీ దించబోతే చివరి అరంగుళంలో మొరాయించింది. రెండు చోట్ల రెండు జబ్బులన్నమాట.

బుజ్జగించుము ముందు = 'ముందు' గణం నింపడానికి పడిందని బాబాయి అంటారు. ఆ మాట విని కవికి కోపం వచ్చింది. "గణమేటి బాబూ, పేణం!" అన్నాడు. గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పి, మ్యాగజీను ఖాళీ చేసి, తూటా కూర్చునే గదిలో కంటితో చూసి, ఆపైన వేలు పెట్టి చూడడం, ఇంతా 'ముందు'లో అధ్యాహారం. పిడి ఎలాగో లేచిన ఆ ఒక్కసారీ కవి చేసిన మొదటి పని అదే. లోపల తూటా లేదని బాబాయి మూడుసార్లు ప్రమాణం చేశాక కూడా వేలు పెట్టే చూశాడు.

సుత్తి పట్టవద్దు = స్పష్టం. మా తమ్ముడు అప్పటికే రబ్బరు సుత్తి తెచ్చేశాడు. "ఓరి గుంటడా, గొళ్లేనికి మేకు కొడతన్నావేట్రా?" అని కవి దాన్ని లాక్కుని అరుగు కిందికి తోసేశాడు. 'సుత్తె' అని పాఠాంతరం. ఎలా రాసినా పట్టకూడదు.

చూడు మొదట = 'ముందు' అని వెంటనే 'మొదట' అనడం పునరుక్తి కాదా? కాదు. ఇక్కడ మొదట అంటే కడ్డీ మొదట్లో, చెవుల దగ్గర.

నూనె = ఈ పద్యానికి గుండెకాయ ఈ రెండక్షరాలు.

నువ్వు, నెయ్యి కలిస్తే నూనె. అంటే వ్యుత్పత్తి ప్రకారం నూనె అనేది నువ్వులదే, తక్కినవన్నీ లక్షణార్థంలో నూనెలు. డిపాజిట్‌కు ముందు కవి బాబాయితో "కాస్త నూనె రాసి ఇచ్చీయండి" అని ఊరికే అన్నాడు. మామూలు మనిషైతే కుట్టుమిషను నూనె రాసేవాడు. భాషాప్రవీణుడు వాచ్యార్థానికి కట్టుబడి వంటింట్లోకి వెళ్లి, పప్పు నూనె సీసా తెచ్చి, దొన్నెడు పోశారు.

నువ్వుల నూనె గాలి తగిలితే మెల్లగా చిక్కబడి జిగురవుతుంది. అవిసె నూనె ఇంకా తొందరగా ఎండి పొర కడుతుంది. అందుకే తుపాకి కర్రకు అవిసె నూనె పట్టిస్తారు. కర్ర మీద ఏది గుణమో ఉక్కు మీద అదే దోషం. ఖనిజ నూనెలకు ఈ ఎండే గుణం లేదు, తుపాకుల కోసం అమ్మేవి ఎక్కువగా అవే.

ఎడమ పక్క చిన్న మీట లాగి కవి బోల్టును మొత్తంగా బయటికి తీశాడు. చెవుల సందుల్లో, స్ప్రింగు ఉండే గొట్టం మూతి దగ్గర, తేనె రంగు పొర. గోటితో గీకితే బెల్లం పెనం అంచున మిగిలిన పాకంలా సాగింది. చెరుకు ఊరి వాళ్లం, ఆ సాగు మాకు తెలుసు. వాసన చూస్తే అచ్చంగా పాత ఆవకాయ. "తినీసేటట్టుంది" అన్నాడు కవి. కిరసనాయిలు, పాత పళ్ల బ్రష్షు, బాబాయి పంచె పీలిక, వీటితో గంటన్నర పట్టింది. చివర చెవికి ఒక్కొక్క చుక్క మిషను నూనె. రెండో చుక్క వెయ్యకుండా బాబాయి చేతికి కవి ఆంక్ష పెట్టాడు.

తాత్పర్యం

బోల్టు బిగిస్తే దాన్ని కొట్టక, విప్పి, మురికి చూడమని భావం. ఇంతకన్నా ఏమీ లేదు. పరీక్షకు ఇది చాలు.

విశేషాంశం

శుభ్రం చేశాక పిడి లేవడం దూదిలా తేలికైంది. దించడం మాత్రం ఎప్పటిలాగే చివరి అరంగుళంలో మొరాయించింది. పద్యంలోని రోగం నయమై, పద్యంలో లేని రోగం మిగిలింది.

కవి పిన్నిని కాటుక అడిగాడు. బోల్టు చెవులకు వేలితో పల్చగా కాటుక రాసి, లోపల పెట్టి, ఒకసారి మూసి తెరిచి బయటికి తీశాడు. కాటుకంతా అలాగే ఉంది, కింది చెవి అడుగున ఒక్కచోట తప్ప. అక్కడ మినపగింజంత మేర ఉక్కు తెల్లగా మెరిసింది. ఆ చోటికి సరిగ్గా కింద ఏముంది? కర్రను యాక్షన్‌కు పట్టి ఉంచే ముందు స్క్రూ ఉంది. టేకు కర్ర చెక్కిన వడ్రంగి అడుగు భాగం కొంచెం పల్చగా తీశాడు, పాత స్క్రూనే బిగించాడు. కర్ర తగ్గిన మేరకు స్క్రూ పైకి పొడుచుకొచ్చి చెవిని ఒరుస్తోంది. ఇన్నేళ్లూ అది తాతగారి మోటు చెయ్యికి లొంగింది, పండితుడి చేతికి లొంగలేదు.

స్క్రూ అర చుట్టు వదులు చేస్తే పిడి దాని బరువుకదే దిగింది. మళ్లీ బిగిస్తే మళ్లీ మొరాయింపు. మూడుసార్లు అలా చేసి చూపించాక గానీ బాబాయి నమ్మలేదు. కవి స్క్రూ విప్పి, దాని కొసను ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీశాడు. బోల్టునే కాస్త అరగదియ్యొచ్చు కదా అని తమ్ముడు అడిగితే, కవి వాడివైపు చూడను కూడా లేదు. తాపు కాసేది ఆ చెవులే.

పాఠాంతర చర్చ

స్క్రూ సంగతి లేకుండా పద్యం అసమగ్రమని బాబాయి ఆ సాయంత్రమే మూడో పాదం దిద్దారు: 'మరయె పొడుగొ, నూనె మడ్డిగా మారెనో'. గణాలు సరిపోయాయి, మకు మ యతి నిలిచింది. నూనె పాదం తన మీద వేసిన దెబ్బని ఆయనకు తెలుసు. అయినా దాన్ని ముట్టుకోలేదు, అంతవరకు మెచ్చుకోవాలి.

కవి పాదాన్ని రెండుసార్లు చదివించుకుని విన్నాడు. "మరి మట్టేటయిపోనాది?" అన్నాడు.

ఇప్పుడు రైఫిలు సంచికి కట్టిన అట్టముక్క మీద మూడో పాదం రెండు రకాలుగా ఉంటుంది: మట్టి నీలం సిరాతో, మర ఎర్ర సిరాతో.