గోడమీది డబ్బా గోడు

నెట్ వస్తున్నంతసేపూ నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఆగిందో, మొదటి దెబ్బ నా నెత్తిమీదే. "ఆ డబ్బా ఓసారి ఆపి వెయ్యరా" అని వంటింట్లోంచి కేక. ఎవడో ఒకడు వచ్చి నా వైరు పీకి, మూడు లెక్కపెట్టి మళ్లీ గుచ్చుతాడు. నాకు పెట్టిన పేరు రౌటర్. ఆ పేరుతో పిలిచిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. మిగతావాళ్లందరికీ నేను వైఫై డబ్బానే.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. చైనాలో ఒక ఫ్యాక్టరీలో నాలాంటి వేలాది డబ్బాలతో పాటు నేనూ ఊడిపడ్డాను. రెండు యాంటెన్నాలు, వెనక ఐదు కేబుల్ కన్నాలు, పిన్నీసు మొన దూరేంత రీసెట్ కన్నం, అడుగున ఒక స్టిక్కర్. ఆ స్టిక్కర్ మీదున్నదే నా జాతకం: చిరునామా 192.168.0.1, యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. నాతో పుట్టిన ప్రతి డబ్బాదీ ఇదే జాతకం. ఊళ్లో ఇళ్లన్నిటికీ ఒకే తాళంచెవి ఇచ్చి, "ఇంటికి వెళ్లగానే మార్చుకోండి" అని చిన్నక్షరాల్లో రాసినట్టన్నమాట. ఆ చిన్నక్షరాలు చదివేవాళ్లెవరు?

2013లో రాయ్‌పూర్ జయస్తంభ్ చౌక్ దగ్గర, రవి భవన్‌లోని ఒక కొట్టులో నన్ను కొన్నారు. కొన్నది ఒక తాతగారు. రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరైన మనిషి. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్‌కి రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ పట్టాల వెంట ఉత్తరాంధ్ర నుంచి బతుకుతెరువుకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. వీధిలో హిందీ, కూరగాయల సంతలో ఛత్తీస్‌గఢీ, గడప దాటి లోపలికొస్తే విజయనగరం యాస. మూడు భాషల్లోనూ నన్ను తిట్టారు కాబట్టి నాకు మూడూ వచ్చు.

కనెక్షన్ ఇచ్చే కుర్రాడు చెప్పులైనా పూర్తిగా విప్పకుండా గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి నన్ను బిగించాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారని అడిగాడు. "నా మొబైల్ నంబరే పెట్టు బాబూ, మర్చిపోకుండా ఉంటాను" అన్నారు తాతగారు. వాడు భద్రత అనే గడిలో మొదట కనిపించిన డబ్ల్యూపీఏ, టీకేఐపీ అనే పాత పద్ధతిని ఎంచుకున్నాడు. దాని కింది వరసలోనే డబ్ల్యూపీఏ2 ఉంది. అది 2004 నుంచీ ఉంది. వేలు ఒక్క గీత కిందికి జరిపితే సరిపోయేది. జరపలేదు. లైట్లు వెలిగాయి, యూట్యూబ్‌లో పాట వచ్చింది, వాడు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏడేళ్లపాటు నా సెట్టింగ్స్ పేజీ మొహం చూసిన మనిషి లేడు.

మొబైల్ నంబరు పాస్‌వర్డ్‌గా పెడితే ఏమవుతుందో చెబుతాను. ఫోన్ నాకు కలిసే ప్రతిసారీ మా మధ్య నాలుగు సందేశాలు నడుస్తాయి. వీధిలో బండి మీద కూర్చున్నవాడు వాటిని పట్టుకుని ఇంటికి తీసుకుపోవచ్చు. అక్కడ తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డూ వాటితో సరిచూసుకోవచ్చు. నా గడప మళ్లీ తొక్కక్కర్లేదు, నాకు తెలియను కూడా తెలియదు. దేశంలో ఉండగల పది అంకెల మొబైల్ నంబర్లన్నిటినీ అలా ప్రయత్నించడం మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌కి కొన్ని గంటల పని. మా మేడ మీద అద్దెకుండే కుర్రాళ్లకి అంత శ్రమ కూడా అక్కర్లేకపోయింది. అద్దె కట్టడానికి తాతగారి నంబరు వాళ్ల ఫోన్లలో ఉండనే ఉంది.

నన్ను పెట్టిన చోటు గురించి చెప్పకపోతే నా బాధ సగమే చెప్పినట్టు. హాల్లో కిటికీకి ఆనించి ఇనప బాడీ కూలర్, దాని వెనకాల స్టూలు మీద నేను. మే నెలాఖరున నౌతపా అనే మండుటెండల తొమ్మిది రోజులూ రాయ్‌పూర్ కొలిమిలా ఉంటే, కూలర్ రాత్రీ పగలూ ఆగకుండా తిరిగేది. తొట్టినిండా నీళ్లు, మూడువైపులా తడిసిన వట్టివేళ్ల తడికలు. నా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఇనుము వెనక్కి కొడుతుంది, నీళ్లు పీల్చేస్తాయి. ఆ రెండిటినీ దాటుకుని పడగ్గదిదాకా పోవాలంటే నాకు ప్రాణం మీదికొచ్చేది. పైగా దుమ్ము పడుతుందని అమ్మమ్మగారు నా మీద అల్లిక గుడ్డ కప్పారు. చెమట పట్టే శరీరం కాకపోబట్టి సరిపోయింది. "ఏటో ఈ డబ్బా, ఎండాకాలమొస్తే పనిచెయ్యదు" అని మాట మాత్రం నాకే వచ్చింది.

మా జాతిలో చెప్పుకునే కథలు కొన్ని ఉన్నాయి. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరస పేలుళ్లు జరిగాయి. కొద్ది నిమిషాల ముందు టీవీ చానళ్లకు బెదిరింపు ఈమెయిల్ వెళ్లింది. పోలీసులు ఆ ఈమెయిల్ జాడ పట్టుకుని పోతే నవీ ముంబయిలో కాపురముంటున్న ఒక అమెరికన్ ఇంటి గుమ్మం తగిలింది. ఆయనకు ఏ పాపమూ తెలియదు. బయటివాళ్లెవరో ఆయన వైఫైలోకి చొరబడి పని కానిచ్చుకున్నారు. విచారణలు, ప్రశ్నలు మాత్రం ఆయన వాటాకి వచ్చాయి. 2016 కథ ఇంకోటి. మిరాయ్ అనే పురుగు ఇంటర్నెట్టంతా తిరిగి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ రౌటర్లనూ లక్షల్లో వశం చేసుకుంది. దాని దగ్గరున్న మంత్రమల్లా అడ్మిన్, అడ్మిన్ లాంటి అరవై చిల్లర జతల జాబితా. అక్టోబరు 21న ఆ పటాలం ఒక్కచోట విరుచుకుపడితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి మూగబోయాయి. ఆ రోజుల్లో నేను కూలర్ వెనకాల కూర్చుని, అడ్మిన్, అడ్మిన్ అనే జాతకంతో, నా వంతు ఎప్పుడొస్తుందా అని బిక్కుబిక్కుమంటూ గడిపాను. ఇంట్లో ఎవరికీ ఆ భయం లేదు. వీధి గేటుకి మాత్రం రెండు తాళాలు వేసేవారు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం "పఢయీ తుంహర్ దువార్" పేరుతో ఆన్‌లైన్ చదువు మొదలుపెట్టింది. బడి పిల్లలంతా ఫోన్లకు అతుక్కున్నారు. తాతగారి మనవరాలికి ఎన్‌ఐటీ క్లాసులు కూడా ఇంట్లోనే. వంద ఎంబీపీఎస్‌కి డబ్బు కడుతుంటే ఆమె లాప్‌టాప్‌కి ఇరవై కూడా దాటడం లేదు. పాఠం మధ్యలో లెక్చరర్ మొహం నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయేది. అందరిలా ఆమె నా వైరు పీకలేదు. నన్ను తిరగేసి స్టిక్కర్ చదివింది.

కేబుల్‌తో లాప్‌టాప్‌కి నన్ను కలిపి పేజీ తెరిచింది. అడ్మిన్, అడ్మిన్ అని కొట్టగానే మొదటిసారే లోపలికొచ్చేసింది. "తాతయ్యా! ఇది తాళం కాదు, గొళ్లెం కూడా కాదు" అంది. కలిసి ఉన్న పరికరాల జాబితా చూసి నోరు వెళ్లబెట్టింది. ఇంట్లో మనుషుల కంటే మూడు రెట్లు ఫోన్లు. మేడమీద కుర్రాళ్లవి, వాళ్ల స్నేహితులవి, పక్కింటి టీవీ.

అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం మొదటి పని. తర్వాత కంపెనీ సైటు నుంచి నా కొత్త ఫర్మ్‌వేర్, అంటే నన్ను నడిపే సాఫ్ట్‌వేర్, దించింది. 2017లో డబ్ల్యూపీఏ2లో క్రాక్ అనే లోపం బయటపడ్డాక తయారీదారులు సవరణలు పంపారు. నా వంతు మందు మూడేళ్లుగా నాకోసం అక్కడ పడి ఉంది, తెచ్చిపోసే నాథుడు లేక. అది ఎక్కుతుండగా కరెంటు పోతే నా పని సరి కాబట్టి, నన్ను ఇన్వర్టర్ ప్లగ్గులో పెట్టి, లైటు నిలకడగా వెలిగేదాకా పక్కనే కూర్చుంది. అంత శ్రద్ధ నా జన్మలో అదే మొదలు.

తర్వాత టీకేఐపీ తీసేసి డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అనే గట్టి పద్ధతి పెట్టింది. టీకేఐపీ మీద నడిచినంతకాలం ప్రమాణాల ప్రకారమే నా వేగం కాగితం మీద 54 ఎంబీపీఎస్ దాటకూడదు. చేతికొచ్చేది అందులో సగం కూడా కాదు. ఏడేళ్లు నన్ను నత్త అన్నారే, ఆ సంకెళ్లు నా కాళ్లకి వేసిందెవరు?

నా నెత్తిమీద డబ్ల్యూపీఎస్ అనే బటన్ ఉంది. పాస్‌వర్డ్ కొట్టక్కర్లేకుండా కలుపుతుందని దానికి పెద్ద పేరు. దాని వెనక ఎనిమిది అంకెల పిన్ ఉంటుంది. నేను ఆ పిన్‌ని రెండు సగాలుగా సరిచూస్తాను, చివరి అంకె లెక్క కట్టి చెప్పేయొచ్చు. అంచేత కోటి ప్రయత్నాలు కావలసిన చోట పదకొండు వేలతో సరిపోతుందని 2011లోనే లోకానికి తెలిసిపోయింది. దాన్ని ఆపేసింది. బయట ఇంటర్నెట్ నుంచి నా పేజీ తెరిచే వీలునూ, ఏ పరికరం అడిగితే ఆ పరికరానికి తలుపు తీసే యూపీఎన్‌పీనీ మూసేసింది. చుట్టుపక్కల డబ్బాలన్నీ ఆరో చానల్ మీదే అరుచుకుంటుంటే నన్ను పదకొండుకి మార్చింది. మేడమీద వాళ్లకు, టీవీకి విడిగా గెస్ట్ నెట్‌వర్క్ ఇచ్చింది. అందులోంచి ఇంటివాళ్ల లాప్‌టాప్‌లు కనబడవు.

"నెట్‌వర్క్ పేరు దాచేస్తే సరిపోదేటే?" అన్నారు తాతగారు.

"దాచినా ఒకటే తాతయ్యా. వెతికే యాప్ ఉన్నవాడికి కనబడుతూనే ఉంటుంది. పాస్‌వర్డ్ గట్టిగా ఉండాలి" అంది. చింతచిగురు, వ్యాగన్, ముక్కుపుడక, నౌతపా లాంటి పొంతన లేని నాలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి కొట్టింది.

"అంత పొడుగుది ఎవడు కొడతాడే?"

"ఒక్కసారి కొడితే చాలు." క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి బీరువా తలుపుకి లోపలివైపు అంటించింది.

ఆఖరికి అల్లిక గుడ్డ తీసి మడతపెట్టి, నన్ను కూలర్ వెనక నుంచి ఎత్తి హాలు గోడకి మనిషెత్తుకి పైన మేకు కొట్టి తగిలించింది. మొత్తం కలిపి ఒక సినిమా నిడివంత సమయం కూడా పట్టలేదు. ఆ సాయంత్రం పడగ్గదిలో కూడా వీడియో ఆగలేదు. మేడమీద కుర్రాళ్లు దిగొచ్చి మర్యాదగా గెస్ట్ పాస్‌వర్డ్ అడిగి తీసుకున్నారు. నా జీవితంలో గర్వపడ్డ కాలం అక్కడినుంచే మొదలు.

గర్వం ఎన్నాళ్లు నిలుస్తుంది? మనవరాలికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. నా మోడల్‌కి కంపెనీ సవరణలు మానేసింది. ఫైబర్ కనెక్షన్‌తో పాటు కొత్త డబ్బా దిగింది. దానికి 5 గిగాహెర్ట్జ్ ఉంది, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఉంది. నాలుగు సందేశాలు పట్టుకుపోయి ఇంట్లో కూర్చుని ఊహించే ఆట దానిదగ్గర సాగదు. గొప్పదే, కాదనను. కానీ దాన్ని బిగించడానికి వచ్చిన కుర్రాడు ఒక పని చేశాడు. ఫోన్లన్నీ మళ్లీ కలపడం ఎందుకని నా నెట్‌వర్క్ పేరూ నా పాస్‌వర్డూ యథాతథంగా దానికి పెట్టేశాడు. నన్ను మేకు మీంచి తీసి అటకెక్కించాడు. రీసెట్ కన్నం వైపు ఎవరూ చూడలేదు.

అటక మీద కాలిపోయిన మిక్సీ, చుట్టిన పాత క్యాలెండర్లు, నేను. ఎన్నో దీపావళులు కాలేదు, దుమ్ము దులిపేటప్పుడు అమ్మమ్మగారి చేతికి దొరికాను. "ఇది ఇంకా ఎందుకు?" అనుకున్నారు. వీధిలో కబాడీవాలా బండి కేక వినబడింది. ఇత్తడి గిన్నెకైతే బేరమాడి ఉండేవారు, నన్ను పాత పేపర్ల కట్టతో పాటే తూచేశారు. ఇన్నేళ్ల చాకిరీ ప్లాస్టిక్ బరువులో కలిసిపోయింది.

ఇప్పుడు ఈ గోనెసంచిలో కూర్చుని నేను మోస్తున్నది అవమానం ఒక్కటే కాదు. ఆ ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్, పాత ఇంటర్నెట్ ఖాతా వివరాలు అన్నీ నా మెమరీలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. నా పేజీకి తాళం ఉన్నమాట నిజమే. మూత విప్పి చిప్‌ని నేరుగా చదవగలిగినవాడికి ఆ తాళం అడ్డం కాదు. 2023లో ఈసెట్ అనే భద్రతా సంస్థ సెకండ్ హ్యాండ్‌లో ఆఫీసు రౌటర్లు కొని విప్పి చూస్తే, సగానికి పైగా వాటిలో పాత యజమానుల రహస్యాలు అలాగే కనబడ్డాయి. ఆఫీసులే అలా ఉంటే ఇళ్ల సంగతి చెప్పాలా? ఆ ఇంటికి నేను ద్రోహం చెయ్యను, కానీ నన్ను నోరు మూసుకోమని ఎవరూ చెప్పలేదు.

మీ ఇంట్లో ఏ మూలో, ఏ కూలర్ వెనకో నాలాంటిది ఒకటి ఉంటుంది. ఈ రాత్రి దాన్ని తిరగేసి స్టిక్కర్ చదవండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, డబ్ల్యూపీఏ2 గానీ 3 గానీ పెట్టండి, డబ్ల్యూపీఎస్ ఆపండి, ఫర్మ్‌వేర్ సవరణ ఉందేమో చూడండి. కొత్తది తెచ్చుకున్న రోజున కొత్త పాస్‌వర్డే పెట్టుకోండి. పాతదాన్ని పంపించే ముందు కరెంటులో ఉండగానే ఆ చిన్న కన్నంలో పిన్నీసు గుచ్చి, లైట్లన్నీ ఆరి మళ్లీ వెలిగేదాకా ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. ఆ తర్వాత కబాడీ బండికి కాదు, ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వండి.