పిల్లి పక్షము: ఒక పద్యమునకు టీకా తాత్పర్యములు

ఆ. ఎలుక గెలువ మెచ్చి యీలలు వేసితి,
పెనపు దెబ్బ తినిన పిల్లిఁ జూచి
నెలల వాయిదాలు నెత్తిపై మోయుచు
నేఁడు కంట నీరు నింపుకొంటి.

అవతారిక: చిన్ననాడు విరగబడి చూచిన టామ్ అండ్ జెర్రీ కార్టూనును, నడివయసున కొడుకు పక్కన కూర్చుండి మరల చూచిన ఒక గృహస్థు వాపోవుచున్నాడు.

ప్రతిపదార్థము: ఎలుక = జెర్రీ; గెలువన్ = పెద్దదానిని చిన్నది ఓడింపగా; మెచ్చి = సంతసించి; ఈలలు వేసితి = ఈల వేయుట రాకున్నను నోట వేళ్ళు పెట్టుకొంటిని (‘నాడు’ అని అధ్యాహార్యము); పెనపు దెబ్బ తినిన = అట్లపెనము తగిలి మొగము పెనమువలె చదునైన; పిల్లిన్ = టామును; చూచి = కనుగొని; నెలల వాయిదాలు = ఇంటి అప్పునకు ఒకటో తారీఖున కోతపడునవి; నెత్తిపై మోయుచు = దింపుకొను దారి లేక; నేఁడు = ఇప్పుడు; కంటన్ = కన్నులందు; నీరు నింపుకొంటి = కొడుకు పకపక నవ్వుచుండగా నేను ఏడ్చితిని.

తాత్పర్యము: నాడు ఎలుక గెలుపునకు మురిసితిని. నేడు పిల్లి పాటునకు కుమిలితిని.

విశేషములు: ఎలుకయే నాయకుడని పూర్వవ్యాఖ్యాతలు, అనగా ఎనిమిదేండ్ల లోపువారు, అందురు. అది చింత్యము. ఏలయన, 1940 నాటి తొలి చిత్రమున పిల్లి పేరు జాస్పర్. ఇంకొక్క వస్తువు పగిలినచో ఇల్లు వెడలగొట్టుదునని పనిమనిషి దానికి గట్టిగా చెప్పును. అది విన్న ఎలుక గాజు గ్లాసును బల్ల అంచునకు తెచ్చి, పడవేయుదునా అని బెదిరించును. బాలునకు ఇది ఆట. కొలువు చేసినవానికి ఇది మెమో. పిల్లి ఎలుకను తరుముట ఆకలి కొరకు కాదు, ఇంట నిలుచుటకు.

‘ద క్యాట్ కాన్సర్టో’యందు పిల్లి కచేరీ దుస్తులు తొడిగి, లిస్ట్ రచించిన రెండవ హంగేరియన్ రాప్సడీని పియానోపై వాయించును. లోపల నిద్రించు ఎలుక లేచి నానా చెరుపు చేయును. తుదకు పిల్లి చితికి కూలబడగా, చప్పట్లకు వంగి నమస్కరించునది ఎలుక. ఆఫీసుల సంగతి ఎరిగినవారికి వేరే వ్యాఖ్య అక్కరలేదు. ఆ చిత్రమునకు ఆస్కార్ వచ్చినది.

పిల్లి దెబ్బ తిన్నప్పటి ఆ కేక ఎవరిది? దర్శకులలో ఒకడైన విలియమ్ హానాదే. జోసెఫ్ బార్బెరాతో కూడి 1958 వరకు 114 చిత్రములు తీసినవాడు అరచిన అరుపు గనుకనే అందు అంత నిజమున్నది.

పనిమనిషికి కాళ్ళే గాని మొగము దాదాపు కనబడదు. బాలుడు దానిని ఎత్తు తేడా అనుకొనును. ఆమె నల్లజాతి స్త్రీ. ఆ యాస, ఆ చెప్పులు, ఆ చీపురు నాటి అమెరికా నల్లవారిని చూచి నవ్వుటకు వాడుకొన్న మూస. తర్వాతి టీవీ ప్రతులలో ఆమె గొంతు మార్చిరి, కొన్నింట బొమ్మనే మార్చిరి. పెద్దయినవాడు నవ్వు ఆపవలసిన చోటు ఇదొక్కటి.

వ్యంగ్యము: పిల్లియే తానని చెప్పక తోపించుటచే ధ్వని.

ఫలశ్రుతి: ఇది చదివినవారికి పిల్లిపై దయ కలుగును, ఎలుకపై కోపము తగ్గదు. అయినను పాఠకులారా, ఈ తాత్పర్యమును పక్కనున్న పిల్లవానికి చెప్పకుడు. వానికి వాయిదాలు మొదలగువరకు ఎలుక పక్షముననే ఉండనిండు.