నకిలీ సర్కారు, అసలు సర్వీసు

అసలు పోలీస్ స్టేషన్‌కు ఫిర్యాదు పట్టుకుని వెళ్తే 'రేపు రండి' అంటారు. రేపు వెళ్తే ఎస్సై గారు బందోబస్తులో ఉంటారు. పై వారం వెళ్తే 'అది మా పరిధి కాదండీ.' నకిలీ స్టేషన్‌లో ఈ తిప్పలు లేవు. వాళ్లే ఫోన్ చేస్తారు. వీడియోలో యూనిఫాం, వెనక జెండా. మీ ఆధార్ నంబరు మీకంటే గడగడా అప్పజెబుతారు. మీ పేరిట కొరియర్‌లో మత్తుమందు దొరికిందంటారు, పది నిమిషాల్లో వారెంటు వాట్సాప్‌కు పంపుతారు. తాత వేసిన దావాకు మనవడు తీర్పు వినే దేశంలో ఎంత చురుకు!

2024లో లుధియానా వర్ధమాన్ గ్రూపు అధిపతి ఎస్.పి. ఓస్వాల్ కోసం ఏకంగా సుప్రీంకోర్టునే దించారు. ఆన్‌లైన్ విచారణ, అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ వేషంలో ఒకడు, ముద్రతో ఉత్తర్వు. వాయిదా మాటే లేదు. 82 ఏళ్ల పద్మభూషణుడు 7 కోట్లు కట్టేశారు.

'చదువుకున్నవాళ్లు ఎలా మోసపోతారండీ!' అని బుగ్గలు నొక్కుకుంటాం. చదువుకున్నందుకే. నోటీసు రాగానే వణకడం, అడిగిన కాగితమల్లా చూపడం, గడువులోగా కట్టడం ఉద్యోగకాలమంతా సాధన చేసినవాళ్లు. 'ఏ సెక్షన్ కింద?' అని ఖాకీని అడగడం మాత్రం వాళ్లకెవరూ నేర్పలేదు. అడిగినవాడి గతి వీధిలో చూశారు. దొంగ పెట్టుబడి ఇంటర్నెట్ ఖర్చు ఒక్కటే, భయం సర్కారువారు తరాలుగా పోగేసి పెట్టిందే.

ఫోన్‌లోనే నిర్బంధించే ఈ 'డిజిటల్ అరెస్టు' చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు. చట్టంలో లేనివి జరగవని మన జనానికి నమ్మకం ఎక్కడేడ్చింది? కాలర్ ట్యూన్ కూడా పెట్టారు. మనం ఎవరికైనా ఫోన్ చేస్తే అది మోగేది. దొంగేమో తానే చేస్తాడు, అదీ వాట్సాప్‌లో. హెచ్చరికంతా పాలవాడికి ఫోన్ చేసినవాళ్లు విన్నారు. ఆ ఏడాది దేశం సైబర్ మోసాల్లో పోగొట్టుకున్నది 22,845 కోట్లని ప్రభుత్వమే పార్లమెంటుకు లెక్క చెప్పింది.

ఇంతకీ ఆ ఖాకీ లోపల ఎవరు? కొందరు ఇక్కడివాళ్లే. కొందరు కంబోడియాలో, మయన్మార్‌లో ఒకప్పటి కేకే పార్క్ లాంటి మోసాల కేంద్రాల గోడల మధ్య ఉన్నవాళ్లు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంటు చేతిలో డబ్బు పోసి వెళ్లిన విశాఖ వైపు కుర్రాళ్లూ వాళ్లలో ఉన్నారు. దిగగానే పాస్‌పోర్టు లాగేసుకుంటారు. టార్గెట్ తప్పితే తన్నులు. 2024 మేలో కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో మనవాళ్లు తిరగబడి వీడియోలు పంపారు. 'మీరు అరెస్టయ్యారు, గది వదలకూడదు' అని గర్జించేవాడికే గది వదిలే దారి లేదు.

డబ్బు మాత్రం దర్జాగా వెళ్తుంది. కేవైసీ పాతదైందని పెన్షనరు ఖాతా ఆపేసే బ్యాంకు, కమీషన్‌కు అద్దెకిచ్చిన ఖాతాలోకి పూటలో కోట్లొచ్చి మాయమైతే కళ్లు మూసుకుంటుంది.

2025 డిసెంబరులో సుప్రీంకోర్టు (అసలుదే) డిజిటల్ అరెస్టుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. బ్యాంకర్ల పాత్రా తేల్చమంది. సంతోషం. ఇక అధికారులు వాంగ్మూలం కోసం బాధితులకు ఫోన్ చేస్తారు కాబోలు. 'సీబీఐ నుంచి మాట్లాడుతున్నాం' అన్న మాట చెవిన పడగానే, సర్కారు నేర్పిన ప్రకారం, బాధితుడు ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తాడు.