గడప మారినను గోత్రము మారలేదు

పుటలు తెరచుకొనుట ఆలస్యమగుచున్నదని బ్రౌజరును పరిత్యజించి వేరొకదానిని ఆశ్రయించుట ఇప్పటి మహాశయులకు నిత్యకృత్యమైనది. నిన్నటిదాక క్రోమును నెత్తిన బెట్టుకొని ఊరేగినవారే, నేడది ర్యామునంతయు ఆపోశన పట్టుచున్నదని ఆగ్రహించి ఎడ్జిని శరణుజొచ్చెదరు. అచ్చట తృప్తి కలుగక ఒపేరా పంచ జేరెదరు. పిమ్మట బ్రేవ్ పాదములపై బడెదరు. ఒపేరా 2013లోను, ఎడ్జి 2020లోను తమ సొంత ఇంజనులను విసర్జించి క్రోమునకు మూలమైన క్రోమియమునే స్వీకరించినవనియు, బ్రేవ్ సైతము తద్గోత్రసంభూతమే యనియు పాపము వారెరుగరు.

పోనిండు, గోత్రాంతరమైన ఫైర్‌ఫాక్సు ఇంట కాలిడిన ధీరులైనను ఒరగబెట్టిన దేమి? తత్కాల్ టికెట్టుకై తెరచి మరచిన పుట, గోంగూర పచ్చడి చేయు విధమును చూపు వీడియో, సావకాశముగా చదువుదమని దాచి నేటికిని చదువని వ్యాసము, వీనితో గూడిన ఏబది ట్యాబుల పరివారమును, పేరైన గుర్తులేని ఎక్స్‌టెన్షనుల బలగమును తొలినాడే క్రొత్తయింట దింపుదురు. తెరచియుంచిన ప్రతి ట్యాబును మెమరీలో తన వాటా తాను గుంజుకొనునన్న ధర్మసూక్ష్మమును విస్మరించి, వారము తిరుగకమున్నే ‘ఇదియు మందమే’ యని తీర్పు జెప్పుదురు. ఆడలేక మద్దెల ఓడనుట యన్న నిదియే గదా!

ఇంకొక బ్రౌజరును దింపుకొనుటకు ముందు పది ట్యాబులు మూసి చూచినచో పుణ్యమును పురుషార్థమును రెండును దక్కును. కాని అందులకు వలసిన వైరాగ్యము ఏ డౌన్‌లోడునందును లభింపదు.