సరిహద్దు తగాదాను పదికాలాలు కాపాడుకోవడం ఎలా?

ఇంటి స్థలం హద్దు తేలాలంటే సర్వేయరును పిలవాలని అందరికీ తెలుసు. ఎప్పుడు, ఎలా పిలవాలో తెలియకనే ఎన్నో మంచి తగాదాలు మొలకలోనే వాడిపోతున్నాయి. మీ తగాదా మనవల దాకా వర్ధిల్లాలంటే మొదటి సూత్రం ఇది: ముందు ప్రహరీ కట్టండి, తరువాత కొలిపించండి. పునాది పడి, ప్లాస్టరింగ్ అయి, రంగు కూడా వేశాక వచ్చే సర్వేయరు పెళ్ళయ్యాక జాతకాలు చూసే పంతులులాంటివాడు. ఆయన ఏం చెప్పినా గోడ కదలదు, గోడ కదలదు కాబట్టి మీరూ కదలరు. ముందే కొలిపిస్తే ఫీజు దండగ అనే వాదన కూడా అక్కరకొస్తుంది. 60 అడుగుల పొడవున గోడ అరడుగు జరిగితే పోయేది 30 చదరపు అడుగులు, అంటే మూడు గజాల పైచిలుకు. దాన్ని మీ వీధిలో గజం ధరతో మాత్రం హెచ్చవేయకండి. సర్వేయరు ఫీజు చవకగా కనిపించే ప్రమాదముంది.

రెండో సూత్రం, సర్వేయరు చేతికి మీ దస్తావేజు ఒక్కటే ఇవ్వండి. లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ ప్లాను, సర్వే శాఖ కొలతల పుస్తకం ఎఫ్.ఎం.బి. నకలు, తెలంగాణలో అయితే టిప్పన్, ఇవేవీ బయటికి తీయకండి. పక్కవాళ్ళ దస్తావేజు ఊసే ఎత్తకండి. రిజిస్టరైన కాగితం ఉండగా ఇవన్నీ ఎందుకంటారా? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆస్తిని గుర్తుపట్టేంత వివరం రాయమంటుంది గానీ, సబ్-రిజిస్ట్రారును టేపు పట్టుకుని వచ్చి కొలవమనదు. అందుకే ఒకే మూడడుగుల పట్టీ ఇద్దరి దస్తావేజుల్లోనూ నిక్షేపంగా ఉండగలదు. చెక్కుబందీకీ కింద రాసిన గజాలకీ పొసగకపోతే మరీ మంచిది. అలాంటి పేచీల్లో కోర్టులు సాధారణంగా కొలతలకన్నా నాలుగు హద్దులవైపే మొగ్గుతాయి. అది మీకు లాభమైతే హద్దులు చదివి వినిపించండి, కాకపోతే గజాలు చదవండి.

మూడోది, కొలత మీ గోడ దగ్గరే మొదలుపెట్టించండి. పని తెలిసిన సర్వేయరు మీ స్థలాన్ని వదిలి వీధి చివరికి నడుస్తాడు. సర్వే రాయో, రోడ్డు కూడలో వెతికి పట్టుకుని అక్కడి నుంచి వరస మొత్తం కొలుస్తాడు. మీ ప్లాటులో తగ్గిన అడుగు పక్క ప్లాటులోనే ఉండాలని లేదు మరి. అది రోడ్డులో కలిసి ఉండవచ్చు, లేదా కాగితం మీద తప్ప నేలమీద ఎన్నడూ పుట్టి ఉండకపోవచ్చు. ఆ సంగతి బయటపడితే పక్కాయన దొంగ కాడని తేలుతుంది, తగాదా చప్పబడిపోతుంది. ఇప్పుడు ఉపగ్రహాలతో పనిచేసే రోవర్లు సెంటీమీటర్లలో చెబుతున్నాయి కదా అంటారు. రోవర్ రాయి ఎక్కడ ఉందో చెబుతుంది. ఎక్కడ ఉండాలో చెప్పాల్సింది పాత రికార్డే. పాత ఎఫ్.ఎం.బి.లలో కొలతలు చాలావరకు లింకుల్లో ఉంటాయి. 66 అడుగుల గొలుసులో 100వ వంతు ఒక లింకు, అంటే 8 అంగుళాలకు కాస్త తక్కువ. దాన్ని అడుగుగా చదివే సర్వేయరు దొరికితే వదలకండి. ఇక లోపలి ఇళ్ళకు విడిగా పటం గీయని పాత గ్రామకంఠాల్లో, ఎంత ఖరీదైన పరికరం తెచ్చినా ఇరుగుపొరుగు ఒప్పుకున్న గీతనే అది నమోదు చేయాలి.

అందుకే నాలుగో సూత్రం అన్నిటికన్నా ముఖ్యం: పక్కవాళ్ళు ఊరెళ్ళినప్పుడు కొలిపించి రాళ్ళు పాతించండి. తిరిగొచ్చి వాళ్ళు రాళ్ళు పీకి, తమ సర్వేయరును తెచ్చుకుంటారు. ప్రభుత్వ సర్వేయరైతే గొడవే ఉండదనేవారు ఒకటి మరిచిపోతారు. మీసేవలో దరఖాస్తు పెడితే వచ్చే మండల సర్వేయరు పక్కవాళ్ళకు నోటీసు ఇచ్చి మరీ వస్తాడు. పైగా ఆయన హద్దు చూపగలడు గానీ హక్కు తేల్చలేడు. అది సివిల్ కోర్టు పని. అక్కడ సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు, 9వ రూలు కింద అడ్వకేట్ కమిషనర్‌ను వేస్తే, ఆయన సర్వేయరును వెంటబెట్టుకొచ్చి ఇరుపక్షాల ఎదుట అదే స్థలాన్ని కొలిపిస్తాడు. మొదటిరోజు మీరు వద్దనుకున్న ఉమ్మడి కొలత దగ్గరికే వాయిదాలూ, ఇద్దరు వకీళ్ళ ఫీజులూ దాటుకుని చేరతారన్నమాట.

ఇంత ఓపిక లేనివాళ్ళు స్థలం కొనకముందే, అమ్మేవారూ ఇరుగుపొరుగూ నిలబడి ఉండగా కొలిపించి, మూలల్లో రాళ్ళు వేయించి, స్కెచ్ మీద అందరి సంతకాలూ తీసుకుని, దాన్ని దస్తావేజుకు జతచేసుకోవచ్చు. అమ్మేవాడు కొలతకు ఒప్పుకోకపోతే? అప్పుడు సర్వేయరు ఫీజు కూడా మిగులుతుంది. కొనకూడని స్థలమేదో కొలవకుండానే తేలిపోయింది కదా.